రెండో దెబ్బ

చిన్నప్పుడు ఆటల్లో ఇద్దరి తలలు ఠప్పున తగిలితే మనకో అలవాటుండేది. ఒక్కసారి తగిలి ఊరుకుంటే కొమ్ములు మొలుస్తాయని, ఏడుపు దిగమింగుకుని మరీ రెండోసారి మెల్లగా తలలు ఆనించుకునేవాళ్లం. నాకు కొమ్ముల భయం పోయి చాలా ఏళ్లయింది. ‘రెండోసారి తగలడం’ అన్న మాట మాత్రం రోవన్ స్ట్రింగర్ గురించి చదివిన రోజు నుంచీ నాకు మామూలుగా వినిపించడం లేదు.

రోవన్‌ది కెనడా రాజధాని ఒట్టావా. పదిహేడేళ్లు. స్కూల్లో అమ్మాయిల రగ్బీ జట్టుకు కెప్టెన్. స్కూలు చదువు పూర్తికాగానే నర్సింగ్‌లో చేరాలనుకున్న పిల్ల. 2013 మే 3, శుక్రవారం మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలింది. 6న, సోమవారం ఇంకో మ్యాచ్. మళ్లీ తలకే. ఇది కన్‌కషనేమోనని స్నేహితురాలికి మెసేజ్ పెట్టింది. కన్‌కషన్ అంటే ఏమిటో ఇంటర్నెట్‌లో వెతికి చూసుకుంది కూడా. 8న, బుధవారం మూడో మ్యాచ్. బంతితో వెళ్తుంటే ప్రత్యర్థి పట్టుకుని విసురుగా తిప్పి కింద పడేసింది. తల, మెడ నేలకు కొట్టుకున్నాయి. రోవన్ లేచి కూర్చుంది. అంతలోనే స్పృహ తప్పి ఒరిగిపోయింది. ఇక తేరుకోలేదు. మే 12న చనిపోయింది. ఆ ఆదివారం అక్కడ మదర్స్ డే.

తన తలకు ఏదో అయిందని రోవన్‌కు తెలుసు. దాని పేరు కూడా తెలుసు. స్నేహితులకూ తెలుసు. ఆ మాట పిల్లల ఫోన్లు దాటి అమ్మానాన్నల చెవినో కోచ్ చెవినో పడలేదు. పడి ఉంటే బుధవారం ఆ అమ్మాయి గీత అవతల కూర్చుని జట్టును ఉత్సాహపరుస్తూ ఉండేది. జీతం కోసం కాకుండా ఇష్టం కొద్దీ రగ్బీ ఆడే లక్షలాది మంది పిల్లలకూ పెద్దలకూ ఉన్న ముప్పు, నాకు అర్థమైనంతలో, అక్కడే ఉంది. నొప్పి తెలిసిన మనిషికీ, ఆట ఆపగలిగిన మనిషికీ మధ్య ఉన్న దూరంలో.

బిందె ఆగినా నీళ్లు ఆగవు

కన్‌కషన్ అంటే మెదడుకు తగిలే కుదుపు. మన భాషలో దీనికి మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. దిమ్మ తిరిగింది, కళ్లు బైర్లు కమ్మాయి, పట్టపగలే చుక్కలు కనిపించాయి. వైద్యులు రాసుకునే లక్షణాలూ ఇవే. కాకపోతే ఈ మాటల్లో మనకు ప్రమాదం వినపడదు. మొహాన నీళ్లు చల్లితే సర్దుకునే వ్యవహారంలాగే చెప్పుకుంటాం.

చంకన నీళ్ల బిందెతో వడివడిగా నడుస్తున్న మనిషి ఠక్కున ఆగి పక్కకు తిరిగితే బిందె ఆగుతుంది గానీ నీళ్లు ఆగవు. లోపల సుడి తిరుగుతాయి. పుర్రెలో మెదడు పరిస్థితి కూడా అంతే. దాదాపు 1.4 కిలోల మెత్తటి ముద్ద, చుట్టూ ద్రవం. తల విసురుగా తిరిగి ఆగినప్పుడు మెదడులో ఒక భాగం ముందు, ఒక భాగం వెనక కదులుతాయి. మధ్యలో ఉన్న సన్నటి నరాల పోగులు సాగిపోతాయి. అందుకే కన్‌కషన్ రావడానికి దెబ్బ తలకే తగలనక్కర్లేదు. ఛాతీ మీద గుద్దుకున్నప్పుడు మెడ విసురుగా ఊగినా రావచ్చు.

అలా సాగిన కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది, కాల్షియం లోపలికి చొరబడుతుంది. ఆ లెక్క సరిచేసుకోవడానికి కణాలకు మామూలు రోజుల కన్నా ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తం అందడం తగ్గుతుంది. ఇంట్లో పెళ్లి పెట్టుకున్న నెలలోనే జీతం ఆగినట్టు. ఈ ఇరకాటం గంటల్లో తీరదు. పెద్దవాళ్లలో చాలామందికి రెండు వారాల్లో, పిల్లలకు నాలుగు వారాల్లో లక్షణాలు తగ్గుతాయి. కొందరికి నెలలు పడుతుంది. సీటీ స్కాన్ తీస్తే సాధారణంగా ఏమీ కనిపించదు. రక్తం గూడుకట్టిందా, ఎముక చిట్లిందా అన్నవి స్కాన్ పట్టుకుంటుంది. కణాల శక్తి లోటును అది చూడలేదు. ‘స్కాన్‌లో ఏమీ లేదన్నారు’ అన్న ఊరట మాట అందుకే నాకు భయం పుట్టిస్తుంది.

ఇంకో అపోహ స్పృహ గురించి. కళ్లు తిరిగి పడిపోతేనే కన్‌కషన్ అనుకుంటాం. నిజానికి కన్‌కషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది పదిమందిలో ఒకరికే. మిగతా తొమ్మిది మందీ లేచి నిలబడతారు. నిలబడినవాణ్ని చూసి గ్రౌండంతా చప్పట్లు కొడుతుంది.

ఆ శక్తి లోటులో ఉన్న మెదడుకు మరో కుదుపు తగిలితే, చాలా అరుదుగానే అయినా, ఘోరం జరుగుతుంది. మెదడులోకి వచ్చే రక్తాన్ని అదుపు చేసే ఏర్పాటు చేతులెత్తేస్తుంది. మెదడు నిమిషాల్లో ఉబ్బిపోతుంది. పుర్రె సాగదు కదా, ఒత్తిడంతా కిందికి, ఊపిరినీ గుండెనూ నడిపించే మెదడు కాండం మీద పడుతుంది. 1984లో ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒక కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మరణాన్ని వివరిస్తూ దీనికి ‘సెకండ్ ఇంపాక్ట్’ అని పేరు పెట్టారు. రెండో దెబ్బ తప్పనిసరిగా ఉండాలా, ఒక్క దెబ్బకే ఇలా జరగొచ్చా అని వైద్యుల్లో వాదన నడుస్తూనే ఉంది. ఇలా చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లలేనన్న దాంట్లో మాత్రం వాదన లేదు.

గీత పక్కన నిలబడ్డ అమ్మ

రోవన్‌కు రెండేళ్ల ముందు, 2011 జనవరి 29న, ఉత్తర ఐర్లాండ్‌లోని క్యారిక్‌ఫెర్గస్ అనే ఊళ్లో స్కూళ్ల మధ్య ఒక రగ్బీ మ్యాచ్ జరిగింది. బెంజమిన్ రాబిన్సన్‌కు పద్నాలుగేళ్లు. తల్లి మైదానం గీత పక్కన నిలబడి చూస్తోంది. రెండో సగంలో గట్టి గుద్దులు తగిలాయి. మ్యాచ్ మధ్యలో ఒకటికి రెండుసార్లు పరీక్షించారు. లేచాడు, ఆడాడు. ఇంకొద్ది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా కుప్పకూలాడు. బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో చనిపోయాడు. 2013లో విచారణ జరిపిన కొరోనర్, సెకండ్ ఇంపాక్ట్ వల్లే అని తేల్చారు. ఆ మ్యాచ్ వీడియో ఉంది. ఏ గుద్దు ఎప్పుడు తగిలిందో, ఆ కుర్రాడు ఎప్పుడెప్పుడు తల పట్టుకున్నాడో కన్నవాళ్లు అందులో వెతికి చూసుకోవాల్సి వచ్చింది.

అక్కడ ఎవరూ నిర్దయులు కారు. కోచ్ పట్టించుకోకపోలేదు. అమ్మ పక్కనే ఉంది. దెబ్బ తిన్న తలను ఎలా చూడాలో ఆ గీత చుట్టూ ఉన్నవాళ్లకు ఎవరూ నేర్పలేదు. అంతే.

పెద్ద మ్యాచ్‌లతో పోల్చి చూడండి. అంతర్జాతీయ మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే ఆటగాణ్ని 12 నిమిషాలు బయటికి తీసుకెళ్తారు. ఆ జట్టుతో సంబంధం లేని డాక్టర్ ఉంటారు. పలు కోణాల నుంచి తీసిన వీడియోను వెనక్కి తిప్పి చూస్తారు. జ్ఞాపకశక్తి, తూలకుండా నిలబడగలగడం, మాట, అన్నీ పరీక్షిస్తారు. 2024 నుంచి పళ్ల మధ్య పెట్టుకునే మౌత్‌గార్డ్‌లోనే సెన్సర్ వచ్చింది. తల ఎంత విసురుగా కదిలిందో గీత పక్కనున్న డాక్టర్‌కు చెబుతుంది. ఇన్ని ఉన్నా కొన్ని కన్‌కషన్లు తప్పించుకుపోతూనే ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు మూడో జట్టు మ్యాచ్‌లో ఇవేవీ ఉండవు. ముప్పై మంది ఆటగాళ్లు, ఒక రెఫరీ. రెఫరీ కళ్లు బంతి మీద ఉంటాయి. ఫస్ట్ ఎయిడ్ సంచిలో ఐసు, టేపు, దూది. కోచ్ వారమంతా ఉద్యోగం చేసుకుని వచ్చిన మనిషి. బెంచీ మీద బదులు ఆటగాడు ఒకడుంటే అదృష్టం. అలాంటిచోట దెబ్బ తగిలినవాడు ‘నేను బాగానే ఉన్నాను’ అంటే ఆ ఒక్క మాట మీదే ఆట నడుస్తుంది. దెబ్బ తిన్న మెదడే తన గురించి తాను సాక్ష్యం చెప్పుకోవాలి. దెబ్బ తగలకపోయినా పదహారేళ్లవాడు నిజం చెప్పే చోటు కాదది. ‘నా వల్ల జట్టు ఓడిపోతుంది’ అన్న బాధ ఆ వయసులో చాలా బరువైనది.

నాకు ఈ సంగతి రగ్బీ వల్ల తెలియలేదు. మా హైస్కూలు కబడ్డీ వల్ల తెలుసు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మండల పోటీల్లో, కూతకొచ్చినవాణ్ని ఇద్దరం రెండు వైపుల నుంచి పట్టబోయాం. నా తల నా స్నేహితుడి చెవి పైభాగాన తగిలింది. నాకు బొప్పి కట్టింది. వాడు మట్టిలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం ఎక్కడో ఉంది. పెద్దవాళ్లు నీళ్లు చల్లారు, గ్లూకోజు తాగించారు. రెండు నిమిషాల్లో మళ్లీ బరిలోకి దిగాడు. ఆ సాయంత్రం బస్సులో వాడు నన్ను మూడుసార్లు అడిగాడు, మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందని. మేమంతా పగలబడి నవ్వాం. వాడికేమీ కాలేదు. ఇప్పటికీ ఫోన్ చేసుకుంటాం. కానీ ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

నడుముకు దిగిన టాకిల్

రగ్బీలో తలదెబ్బల్లో ఎక్కువ భాగం టాకిల్‌లోనే వస్తాయి. టాకిల్ అంటే బంతితో పరుగెత్తేవాణ్ని చేతులతో చుట్టి కింద పడేయడం. మన కబడ్డీ పట్టులాంటిదే, కాకపోతే ఇద్దరూ పరుగులో ఉంటారు. చూసేవాళ్లకు పడిపోయినవాడి మీద జాలి కలుగుతుంది. పెద్ద మ్యాచ్‌ల వీడియోలు వందలకొద్దీ పరిశీలించినవాళ్లు చెప్పేది వేరు. తలకు దెబ్బ ఎక్కువగా తగిలేది పడగొట్టేవాడికి. వంగకుండా నిటారుగా వెళ్లి పట్టుకుంటే తలా తలా ఒకే ఎత్తులో ఉంటాయి. వంగి నడుము పట్టుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

ఫ్రాన్స్ ఈ పాఠం చాలా ఖరీదుకు నేర్చుకుంది. 2018 మే నుంచి ఎనిమిది నెలలు తిరక్కుండానే అక్కడ నలుగురు యువ ఆటగాళ్లు రగ్బీ దెబ్బలతో చనిపోయారు. ఆ దేశపు రగ్బీ సమాఖ్య 2019లో జీతం లేని అమెచ్యూర్ ఆటలో టాకిల్‌ను నడుము కిందికి దించింది. ఇద్దరు కలిసి ఒకణ్ని పట్టడాన్నీ నిషేధించింది. ఆ తర్వాత తలా తలా ఢీకొనడం 63 శాతం తగ్గిందని లెక్కలు చెప్పాయి.

ఇంగ్లండ్‌లో ఇదే పని 2023 జనవరిలో తలపెడితే పెద్ద గొడవే అయింది. ఆడేవాళ్లను అడక్కుండా నిర్ణయం ఎలా తీసుకుంటారని వేలమంది సంతకాలు పెట్టారు. అక్కడి రగ్బీ సంఘం క్షమాపణ చెప్పి, నడుము దగ్గర కాకుండా రొమ్ము ఎముక కింది అంచు దగ్గర గీత గీసింది. ఆ ఏడాది మొదలైన సీజన్ నుంచి అక్కడి క్లబ్బుల్లో, స్కూళ్లలో అదే నియమం. అడ్డుపడినవాళ్లను నేను తప్పుపట్టలేను. తాత ఆడిన ఆట, తండ్రి ఆడిన ఆట. దాని ఒడుపు పోతుందని వాళ్ల బాధ. మరీ కిందికి వంగితే మోకాలు తలకు తగులుతుందని వాళ్లు చెప్పిన మాటలో నిజం కూడా ఉంది. అయినా ఆట రూపం కొంచెం మారితే భరించవచ్చు. నేను ఫ్రాన్స్ వైపే.

తలకు పెట్టుకునే మెత్తటి టోపీ గురించి ఒక్క మాట. స్క్రమ్ క్యాప్ అంటారు. చెవులు కోసుకుపోకుండా, తల చర్మం చీరకుండా కాపాడుతుంది. కన్‌కషన్‌ను ఆపదు. బిందెకు గుడ్డ చుడితే లోపలి నీళ్లు కదలకుండా ఉంటాయా? మౌత్‌గార్డ్ పళ్లను కాపాడుతుంది, తప్పక పెట్టుకోవాలి. అది కూడా మెదడుకు కవచం కాదు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. వాళ్ల మెడ కండరాల బలం సగటున తక్కువ. కిందపడేటప్పుడు తల వెనక్కి ఊగి నేలకు కొట్టుకునే ప్రమాదం ఎక్కువ. అమ్మాయిల్లో చాలామంది, మగపిల్లల్లా ఏడెనిమిదేళ్లప్పుడు కాకుండా, హైస్కూల్లోనో కాలేజీలోనో ఆట మొదలుపెడతారు. పడటం ఎలాగో నేర్చుకోకముందే పడగొట్టే ఆటలోకి దిగుతారు. జూడోలో ముందుగా పడటమే నేర్పిస్తారు. రగ్బీలోనూ అమ్మాయిలకు ముందు పడటం, మెడ బిగబట్టడం నేర్పాలన్న మాట ఇప్పుడిప్పుడే బలపడుతోంది.

ఇరవై ఏళ్ల తర్వాత

రెండో దెబ్బ ఎప్పుడూ అయిదు రోజుల్లోనే రాదు. కొన్నిసార్లు వేల చిన్న దెబ్బలు కలిసి ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత వస్తాయి. ఇంగ్లండ్‌కు 2003 ప్రపంచకప్ గెలిపించిన జట్టులో ముందువరసలో ఆడిన స్టీవ్ థాంప్సన్‌కు 42 ఏళ్లకే డిమెన్షియా అని తేలింది. ఆ కప్పు గెలిచిన సంగతే తనకు గుర్తులేదని 2020లో చెప్పాడు. అది డబ్బు తీసుకుని ఆడినవాళ్ల గొడవ అని క్లబ్బు ఆటగాళ్లు సర్దిచెప్పుకోవచ్చు. 2023లో వచ్చిన ఒక పరిశోధన అలా సర్దుకోనివ్వలేదు. మరణానంతరం దానం చేసిన 31 మంది రగ్బీ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షిస్తే 21 మందిలో సీటీఈ అనే జబ్బు కనిపించింది. పదేపదే తగిలిన తలదెబ్బలతో టావ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకుపోయే జబ్బిది. మనిషి బతికుండగా ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. ఆ 31 మందిలో 23 మంది అమెచ్యూర్ స్థాయి దాటనివాళ్లు. ఆడిన ప్రతి అదనపు ఏడాదికీ ముప్పు 14 శాతం పెరిగినట్టు తేలింది.

ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. మెదడు దానం చేసే కుటుంబాలు చాలావరకు ఇంట్లో మనిషి మారిపోవడం కళ్లారా చూసినవాళ్లే. అందుకని రగ్బీ ఆడే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఈ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. ఏళ్ల సంఖ్యతో ముప్పు పెరగడం మాత్రం గట్టి సాక్ష్యం. పెద్దగా కన్‌కషన్ కాకపోయినా ప్రాక్టీసులో రోజూ తగిలే కుదుపులు కూడా లెక్కలోకి వస్తాయని అది చెబుతోంది. వారంలో ఢీకొనే ప్రాక్టీసును తగ్గించడం ఏ క్లబ్బుకైనా పైసా ఖర్చులేని పని.

ఆరో క్లాసు పిల్లాడి కాగితం

రోవన్ మరణంపై 2015లో విచారణ జరిపిన జ్యూరీ 49 సిఫార్సులు చేసింది. 2018లో, ఒట్టావా ఉన్న ఒంటారియో రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా ఒక చట్టం చేసింది. పేరు రోవన్ చట్టం. ఒంటారియోలో 26 ఏళ్లలోపు ఎవరైనా క్లబ్బు ఆటలో చేరాలంటే కన్‌కషన్ గురించి ప్రభుత్వం ఇచ్చే సమాచారాన్ని ప్రతి ఏడాదీ చదివి, చదివామని ఒప్పుకోవాలి. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రులూ చదవాలి. రగ్బీకే కాదు, సాకర్‌కూ ఐస్ హాకీకీ బాస్కెట్‌బాల్‌కూ. అక్కడి బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఆరో క్లాసు చదివే కొడుకును సాకర్‌లో చేర్పించే తెలుగు తల్లి కూడా ఆ కాగితం మీద రోవన్ పేరు చూస్తుంది. ఏటా సెప్టెంబరు చివరి బుధవారం అక్కడ రోవన్ చట్టం దినం.

బెంజమిన్ తండ్రి పట్టు విడవకుండా తిరగడంతో స్కాట్లాండ్ 2015లో అన్ని ఆటలకూ కలిపి ఒకే కన్‌కషన్ మార్గదర్శకాలు తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో అలాంటివే బ్రిటన్ అంతటికీ వచ్చాయి. వాటి సారం ఇంత. అనుమానం వస్తే చాలు, అప్పటికప్పుడు బయటికి తీసేయాలి. ఆ రోజు మళ్లీ దించకూడదు. మొదటి 24 గంటలు ఒంటరిగా వదలకూడదు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ పైన మెల్లగా నడక, చదువు, పని. ఎంత బాగున్నా 21 రోజుల లోపు పోటీ ఆట లేదు. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, ఫిట్స్ వచ్చినా, కనుపాపలు చిన్నా పెద్దా అయినా, లేపితే లేవలేకపోయినా, మెడ నొప్పి ఉన్నా అంబులెన్స్‌ను పిలవాలి. న్యూజిలాండ్‌లో క్లబ్బు మ్యాచ్ రెఫరీ చేతికి నీలం కార్డు ఇచ్చారు. అది చూపిస్తే ఆటగాడు బయటికి వెళ్లాల్సిందే, ‘బాగానే ఉన్నాను’ అన్నా చెల్లదు. అబద్ధం చెప్పాల్సిన అవసరం నుంచి ఆ కార్డు పిల్లాణ్ని తప్పిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు అది.

రగ్బీ మనకు మరీ పరాయిది కాదు. 1870ల్లో కలకత్తా క్లబ్బు మూతపడినప్పుడు బ్యాంకులో మిగిలిన వెండి రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసమే ఇంగ్లండ్, స్కాట్లాండ్ నేటికీ ఆడుతున్నాయి. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు దిగింది. టీవీలో చూసిన పిల్లలు రేపు గ్రౌండుకు వస్తారు. రావాలి కూడా. ఇంత మంది కలిసి ఒకరి మీద ఒకరు ఆధారపడి ఆడే ఆటలు తక్కువ. కోడిగుడ్డు ఆకారపు బంతితో పాటు వాళ్ల కోచ్‌ల జేబుల్లోకి అయిదు ప్రశ్నలు కూడా రావాలి. ఆస్ట్రేలియాలో ఒక న్యూరోసైకాలజిస్టు 1990ల్లో పరీక్షించి చూపించిన ప్రశ్నలివి. తలదెబ్బ తగిలినవాణ్ని గీత దగ్గరే అడుగుతారు. ఇప్పుడు మనం ఏ గ్రౌండులో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరగా స్కోరు చేసింది ఎవరు? పోయిన వారం ఎవరితో ఆడాం? గెలిచామా? ఒక్కటి తప్పినా ఆట చాలించాలి. అన్నీ సరిగ్గా చెప్పినా అనుమానం తీరకపోతే చాలించాలి.

ఆ రోజు మా స్నేహితుణ్ని మేం అడిగింది ఒక్కటే. “ఆడతావురా?”

“ఆడతా” అన్నాడు.